బస్తా మోసినోడికి పదేళ్లు, బస్తా కొన్నోడెక్కడ?

గంజాయి కేసు వార్త ఎప్పుడొచ్చినా ఫోటో ఒకటే ఉంటది. టేబుల్ మీద ఖాకీ రంగు టేపు చుట్టిన ప్యాకెట్లు, వాటి వెనక వరసగా ఆఫీసర్లు, ముందు నేల మీద ముసుగులేసిన నలుగురు కుర్రాళ్లు. కింద కామెంట్లు కూడా ఒకటే, ఉరి తియ్యాలి, ఎన్‌కౌంటర్ చెయ్యాలి, ఇలాంటోళ్లకి బెయిలేంటి అని. నేను ముందు ఆ కుర్రాళ్ల కాళ్లు చూస్తాను. మొహం కనపడదు కదా, కాళ్లు కనపడతాయి, అరిగిపోయిన హవాయి చెప్పులు, మడమలు పగిలి ఉంటాయి. కోట్ల రూపాయల సరుకు అని హెడ్డింగ్ పెడతారు గానీ ఆ కోట్లు ఈ కాళ్ల దగ్గరికి రాలేదని చూస్తేనే తెలిసిపోతది.

చట్టం ఏం చెప్తుందో ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే శిక్షలు చాలట్లేదు అని అరిచేవాళ్లలో చాలామందికి ఇప్పుడున్న శిక్షలేంటో తెలీదు. మన మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అనేది, 1985లో వచ్చింది. గంజాయికి సంబంధించి ఇందులో రెండు గీతలున్నాయి, కిలో దగ్గర ఒకటి, 20 కిలోల దగ్గర ఒకటి. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల దాకా వెయ్యొచ్చు, కనీసం ఇంత అని లేదు కాబట్టి జడ్జి మనిషిని చూసి తగ్గించొచ్చు. 20 దాటిందా, దాన్ని కమర్షియల్ క్వాంటిటీ అంటారు, ఇక కనీసం పదేళ్లు, 20 ఏళ్ల దాకా వెయ్యొచ్చు, పైన లక్షకి తక్కువ కాకుండా ఫైను. అక్కడ జడ్జి మనసు కరిగినా కలం కదలదు. చార్జిషీట్ వెయ్యడానికి మామూలు కేసుల్లా 60, 90 రోజులు కాదు, 180 రోజులు టైముంటది, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా, అంతవరకూ చార్జిషీట్ లేటయిందని బెయిల్ అడగడానికి లేదు. శిక్ష పడ్డాక సత్ప్రవర్తన కింద తగ్గింపు కూడా లేదు, 32ఎ సెక్షన్ ఆ తలుపు మూసేసింది. ఇంతకంటే కఠినం అంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ కాటా సంగతి. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలిసి లేని విడి ఆకులు, గింజలు లెక్కలోకి రావు, ఇది 2వ సెక్షన్‌లోనే రాసుంది. కానీ చాలా కేసుల్లో కాటా మీదకి మూటంతా పోతది, కాడలు, ఆకులు, తడి, ఒక్కోసారి గోనె సంచితో సహా. పచ్చి సరుకు ఎండితే బరువు ఎంత పడిపోద్దో రైతుబిడ్డ ఎవరినడిగినా చెప్తాడు. 19 కిలోలకీ 21 కిలోలకీ మధ్య తేడా రెండు కిలోల చెత్త కావొచ్చు, కానీ ఒక మనిషి జీవితంలో అది ఎన్నేళ్ల తేడా అవుద్దో చూడండి. అందుకే మీడియేటర్స్ రిపోర్టులో, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామాలో, ఆ బరువు ఎలా తూచారు, సంచి తీసి తూచారా, మేజిస్ట్రేట్ ముందు శాంపిల్ తీశారా అనేవి కేసుకి ప్రాణం. ఇవి అడగాలంటే మంచి లాయర్ కావాలి.

కోర్టు వార్తల పని మీద తిరిగే రోజుల్లో వరండాలో ఒకావిడ్ని చూశాను. కొండ మీద నుంచి వచ్చింది, తెల్లారకముందే బయల్దేరి జీపు, బస్సు మారి. చేతిలో పాలిథిన్ కవరు, అందులో కొడుకు ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు, నాలుగు అరటిపళ్లు. తెలుగు సరిగా రాదు, ఊళ్లో కుర్రాడొకడు పక్కనుండి చెప్తున్నాడు. కొడుకు బస్తా ఒకటి రోడ్డు దాకా దింపడానికి వెళ్లాడంట, కూలి కాస్త ఎక్కువిస్తామన్నారంట. లాయర్ గుమస్తా 'ఎన్ని కిలోలమ్మా' అని అడిగాడు. ఆవిడ అర్థం కాక కుర్రాడి వైపు చూసింది, వాడు 22 అన్నాడు. గుమస్తా ఇంకేం మాట్లాడకుండా ఫైలు మూసి పక్కన పెట్టాడు. అప్పుడావిడ అంది, 'మా ఇంట్లో కాటా లేదు బాబూ, నాకేటి తెలుస్తాది' అని. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

బెయిల్ సంగతి ఇంకా ఘోరం. కమర్షియల్ క్వాంటిటీ కేసులో 37వ సెక్షన్ ప్రకారం, ముద్దాయి నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చెయ్యడని కోర్టుకి అనిపించాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషినని చూపించుకోవడమంటే ఎవడివల్ల అవుద్ది? 2023లో సుప్రీంకోర్టు మహ్మద్ ముస్లిం కేసులో ఒక కుర్రాడికి బెయిలిచ్చింది, అరెస్టయినప్పుడు 23 ఏళ్లు, ఏడేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు, విచారణ ఇంకా సాగుతానే ఉంది. విచారణ ఇంత లేటయితే 37 ఉందని మనిషిని లోపలే పెట్టడం కుదరదని కోర్టు చెప్పింది. మంచి తీర్పే, కానీ ఆ తీర్పు ఉందని మన కొండ మీద కుర్రాడికి ఎవరు చెప్పాలి, చెప్పినా బెయిలొచ్చాక షూరిటీలు ఎవరు నిలబడతారు?

శిక్ష పెంచితే సరుకు తగ్గుద్దా అనేదానికి మన దగ్గరే లెక్క ఉంది. 1985 చట్టంలో గంజాయికి ఎంత దొరికినా గరిష్ఠంగా ఐదేళ్లే. 2001 సవరణతో పెద్ద క్వాంటిటీకి అది కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై అయ్యింది, అంటే నాలుగింతలు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకి, 2022 ఫిబ్రవరిలో, అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రా పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. అది కేవలం దొరికింది. నాలుగింతల శిక్ష భయం పనిచేసుంటే అంత కుప్ప ఎలా వచ్చింది? పోలీసులు ఊరికే కూర్చున్నారని కాదు, ఆపరేషన్ పరివర్తన పేరుతో చింతపల్లి, జీకే వీధి, పెదబయలు కొండల్లో తోటలు నరికారు, అది చిన్న పని కాదు. కానీ తోట నరికిన చోట కాఫీ మొక్క పెడితే కాపుకి మూడు నాలుగేళ్లు పడుద్ది, ఆ మూడేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి అన్నదానికి జవాబు లేకపోతే పక్కన ఒడిశా కొండల్లోంచి వచ్చే మూట మొయ్యడానికి కుర్రాడు వెళ్తాడు.

పిల్లలు పాడైపోతున్నారనే తల్లిదండ్రుల భయాన్ని నేను తీసిపారెయ్యట్లేదు. హాస్టల్ గదిలో కొడుకు మారిపోవడం చూసిన తండ్రి కోపం నిజమైన కోపమే, గంజాయి మంచిదని నేను అనను. కానీ ఆ తండ్రికి చెప్పాల్సిన మాట ఒకటి ఎవరూ చెప్పట్లేదు. అలవాటు పడ్డవాడు తనంతట తాను చికిత్సకి ఒప్పుకుని పూర్తి చేస్తే, చిన్న మొత్తం కేసులోనో వాడిన కేసులోనో అతన్ని ప్రాసిక్యూట్ చెయ్యకుండా వదిలే వీలు ఇదే చట్టంలో ఉంది, 64ఎ సెక్షన్. ఉరి గురించి రోజూ మాట్లాడతాం గానీ ఈ సెక్షన్ గురించి కాలేజీల్లో ఎన్ని పోస్టర్లు చూశారు మీరు? పోర్చుగల్ 2001లోనే సొంతానికి పెట్టుకున్న కొద్దిపాటి సరుకుని క్రిమినల్ కేసు కాకుండా చేసింది, పది రోజుల వాడకానికి లోపైతే కోర్టుకి కాదు, ఒక కమిషన్ ముందుకి పంపుతారు, అక్కడ చికిత్స గురించి మాట్లాడతారు. అమ్మేవాడికి అక్కడా జైలే. ఇంకో సంగతి, 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వేలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపి వాడేవాళ్లు 2.8 శాతం. మన ఇళ్లని ఎక్కువ కూల్చింది ఏదో మన ఆడవాళ్లనడగండి.

ఎన్‌కౌంటర్ చెయ్యమనేవాళ్లకి 2019 డిసెంబర్ 6 గుర్తు చేస్తాను. దిశ కేసులో చటాన్‌పల్లి దగ్గర నలుగురిని కాల్చేస్తే పూలు చల్లాం. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో చేసినవని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ రిపోర్టు చదివినవాళ్లు ఎంతమంది? ఆ ఆవేశమే ఇప్పుడు గంజాయి ఫోటోల కింద కామెంటై కూర్చుంది.

నాకు కావాల్సింది కఠినత్వం తగ్గించడం కాదు, దాని ముఖం తిప్పడం. డబ్బు పెట్టినోడి కోసం చట్టంలో 27ఎ సెక్షన్ ఉంది, వాడికీ అదే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు. ఆ డబ్బుతో కొన్న ఆస్తుల్ని జప్తు చేసే అధికారం కూడా ఉంది. పట్టుకున్న కుర్రాడి ఫోన్లో ఆ రోజు ఎవరు కాల్ చేశారు, అడ్వాన్సు ఏ అకౌంట్ నుంచి పడింది, ముందు బండి మీద పైలట్‌గా వెళ్లినోడు ఎవడు, ఆ లారీ ఎవరిది, ఇవి లాగితే పైదాకా వెళ్లొచ్చు. చాలా ఎఫ్ఐఆర్‌లలో మాత్రం అసలు మనిషి 'పరారీలో ఉన్నాడు' అనే ఒక్క లైనులో ఉండిపోతాడు, చార్జిషీట్ వచ్చేనాటికీ పరారీలోనే ఉంటాడు. కనీస శిక్ష విధించేటప్పుడు మోసినోడా, నడిపినోడా అని జడ్జి చూసే వీలు చట్టంలోకి రావాలి. కొండ భాష తెలిసిన మనిషి కోర్టులో ఉండాలి, ఎందుకంటే తన మీద ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసినోళ్లున్నారు.

ఆ వరండాలో ఆవిడ సాయంత్రం దాకా కూర్చుంది. కేసు వాయిదా పడింది, కొడుకుని వ్యాన్ ఎక్కించేటప్పుడు అరటిపళ్లు ఇవ్వబోతే ఎస్కార్ట్ కానిస్టేబుల్ ముందు వద్దన్నాడు, తర్వాత అటూ ఇటూ చూసి కవరు అందుకుని లోపలికి ఇచ్చాడు. ఆవిడ వాయిదా తేదీ అట్టముక్క మీద రాయించుకుని, కొండకి ఆఖరి జీపు ఎన్నింటికని అడిగింది.