సెలవిచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

అల్లూరి సీతారామరాజు పేరిట దేశమంతటికీ ఓ సెలవు ఉండాలని అడిగేవాళ్లతో మాకు పేచీ లేదు. ఇవ్వండి. కానీ జులై 4నే ఎందుకు? ఆ రోజు ఆయన పుట్టాడు, అంతే. మన్యం తిరగబడింది 1922 ఆగస్టు 22న. ఆ రోజు చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు పట్టుకెళ్లారు. పట్టుకెళ్లినవేమిటో స్టేషన్ డైరీలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు. దొంగ ఎక్కడైనా రసీదు ఇస్తాడా?

గొడవకు మూలం పోడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో, తాతల నాటి నుంచి కొండవాలులో చెట్టూ పుట్టా నరికి కాల్చి విత్తనం చల్లుకుంటున్న గిరిజనుడు ఉన్నట్టుండి నేరస్థుడైపోయాడు. అది చాలదన్నట్టు గూడెం తహసీల్దారు బాస్టియన్, రోడ్డు పనికి జనాన్ని ఈడ్చుకెళ్లి సరిగా కూలి కూడా ఇవ్వలేదు. గాం గంటందొర, మల్లుదొర రాజు వెంట నడిచింది ఇలాంటి మంట మీదే. (మల్లుదొర అండమాన్ జైలుకెళ్లొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు?)

2022లో భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టారు, పాడేరు కేంద్రంగా రాజు పేరుతో జిల్లా కూడా వచ్చింది. సంతోషమే. మరి పోడు సంగతి? 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇవ్వాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది, గ్రామసభ మాటకు విలువిమ్మనీ చెబుతోంది. అయినా దరఖాస్తు ఏమైందో కనుక్కోవడానికి కొండ దిగి, బస్సెక్కి, ఆఫీసు గుమ్మంలో పొద్దంతా కూర్చుని, సారు లేరనిపించుకుని వెనక్కి వెళ్లే ముసలాయనకు ఇంకో సెలవు అంటే ఇంకో రోజు వృథా, అంతేగా.

అందుకే మేమడిగేది ఇది. దేశానికి సెలవిచ్చినా సరే, ఏజెన్సీలో మాత్రం ఆగస్టు 22న ఆఫీసులు తెరిచే ఉండాలి. అధికారులే ఊళ్లకు వెళ్లి గ్రామసభలో కూర్చుని, పెండింగ్ ఫైళ్లు అందరి ముందూ విప్పాలి. పట్టా ఇస్తే ఇవ్వండి, కుదరదంటే ఎందుకు కుదరదో రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.