సొమ్మొకడిది, సైటేషన్ ఇంకొకడిది

మెదడు పరిశోధనలో ఏ దేశం ఎంత పండించిందో చూపించే రంగుల పటాలు మీరూ చూసే ఉంటారు. డబ్బున్న దేశాలు ముదురు నీలం. మిగతావి ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డలా ఉంటాయి. కింద ఓ గంభీరమైన వాక్యం: 'వర్ధమాన ప్రాంతాల్లో ఉత్పాదకత తక్కువ.' లెక్క ఎలా కట్టారయ్యా అంటే, డేటాబేస్‌లో 'న్యూరోసైన్స్' అని కొట్టి, వచ్చిన పరిశోధన పేపర్లను దేశాలకు పంచి, జనాభాతో భాగించారు. వడ్లు కొలిచేవాడు కనీసం తాలు తీసేసి కొలుస్తాడు.

అయినా ఈ కొలతల శాస్త్రమంటే నాకు అపార గౌరవం. అందుకే దాన్ని ఒక్కచోట ప్రయోగించి చూస్తాను. వెనిజులాలో మారకాయిబో సరస్సు ఒడ్డు.

1950ల్లో అమెరికో నెగ్రెట్టె అనే డాక్టరు అక్కడ పనిలో చేరాడు. వీధుల్లో తూలుతూ నడిచేవాళ్లను చూసి తాగున్నారనుకున్నాడు. కాదు, అదో జబ్బని ఊరివాళ్లే చెప్పారు. అది హంటింగ్టన్ వ్యాధి, అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే మెదడు జబ్బు, అని గుర్తించి, 1955లో స్పానిష్‌లో వెల్లడించాడు. స్పానిష్‌లో! పైగా ఏ పేపర్ని ఎవరెవరు ఉదహరించారో (అదే సైటేషన్) లెక్కగట్టే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలైంది 1964లో. ఓ తొమ్మిదేళ్లు ఆగి, ఈలోగా ఇంగ్లిషు నేర్చుకుని కనిపెట్టాల్సింది. తొందరపడ్డాడు పాపం. స్కోరు సున్నా.

తర్వాత అమెరికా నుంచి నాన్సీ వెక్స్‌లర్ అనే పరిశోధకురాలి బృందం వచ్చింది. ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి వంశవృక్షం గీసింది, రక్తం సేకరించింది. ఆ రక్తం పుణ్యమా అని 1983లో ఆ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని తేలింది. 1993లో జన్యువే దొరికింది. 1983 నాటి పేపరుకు రచయితలు 14 మంది, అందులో వెనిజులా మనిషి ఒక్కరు. వాటా వేస్తే 0.07 పేపరు. చూశారా, ఉత్పాదకత ఎంత తక్కువో!

న్యాయం జరగాలని మన కొలతల అధికారి ఫారం పట్టుకుని ఆ సరస్సు ఒడ్డుకే వెళ్లాడనుకోండి.

"అమ్మా, మీ సంస్థ పేరు?"

"నేను రక్తం ఇచ్చాను బాబూ."

"రక్తానికి కాలమ్ లేదమ్మా. అఫిలియేషన్ చెప్పండి."

"ఇదిగో, ఈ ఇల్లే."

"ఈమెయిల్ ఐడీ?"

"మీ పేపర్లో వంశవృక్షం బొమ్మ ఉంటుందట కదా, చదరాలూ సున్నాలూ వేసి. అందులో జబ్బుందని నల్లగా నింపి, చనిపోయిందని అడ్డంగా గీత కొట్టిన సున్నా మా అమ్మ. పక్కన తెల్ల సున్నా నేను. పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, వాళ్లకి ఏ రంగు వేస్తారో తెలీదు."

"బొమ్మల్లో ఉన్నవాళ్లు రచయితల కిందికి రారమ్మా. సున్నా అన్నారు కదా, అదే రాసుకుంటున్నాను."

పేపర్లే కాదు, మనుషుల్నీ కొలుస్తారు. దానికి హెచ్-ఇండెక్స్ ఉంది: ఒకరి పేపర్లెన్ని, వాటికి సైటేషన్లెన్ని అనేది కలిపి ఒక్క అంకెలో చెప్పేస్తుంది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తన సాటివాళ్లను బేరీజు వేయడానికి ప్రతిపాదించాడు. అది మెదడు డాక్టర్ల నెత్తిన ఎందుకు పడిందో అడక్కండి. ఇక ఫీజులు. 2020లో నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్‌కు, అంటే పేపర్ని అందరూ ఉచితంగా చదివేలా వేయడానికి, రాసినవాళ్ల వైపు నుంచి 9,500 యూరోలని ప్రకటించింది. అంత కట్టగలగడం కూడా ఉత్పాదకత ఖాతాలోకే వెళ్తుంది.

సరే, వేళాకోళం చాలు. ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది. వాళ్లలో ఇంచుమించు 80 శాతం ఈ వెలిసిపోయిన దేశాల్లోనే ఉన్నారు. బాగా పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి మందు అందడం లేదు. ఏం మందు? 1912 నుంచీ మూర్ఛకు వాడుతున్న ఫినోబార్బిటాల్, చవకైన మాత్ర! పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పిస్తాయి. మరుగుదొడ్లు కట్టిస్తే చాలావరకు ఆగుతుంది. మరుగుదొడ్డికి సైటేషన్లు రావు కదా! రక్తం కావాల్సినప్పుడు ఈ జనం అమూల్యం, లెక్క రాసేటప్పుడు వెనకబడినవాళ్లా? సిగ్గుండక్కర్లా?

జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్న డాక్టరు పొద్దున్నుంచీ ఆ మాత్రలే రాసి, ఫిట్స్ వచ్చిన పిల్లల తల్లులకు చెప్పిందే చెప్పి, చీకటిపడ్డాక ఓపీ మూసి ఇంటికి పోతాడు. ఆయన పేపరేమీ రాయలేదు. పటంలో ఆ జిల్లా తెల్లగా ఉంటుంది.