డిజిటల్ అవుట్‌పుట్ మాడ్యూల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాడ్యూల్ గారికి, బెంగళూరు పీణ్యాలోని ఒక టెస్ట్ బెంచి నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ మా రిలే బోర్డు కుశలంగా లేదు.

మేం మీకు అప్పగించిన పని చిన్నదే. మేం పంపే అంకె ప్రకారం ఎనిమిది ఛానెళ్ళ మీద ఎనిమిది 24 వోల్టుల రిలేలను, అంటే కరెంటుతో నడిచే స్విచ్చుల్ని, ఆన్, ఆఫ్ చేయడం. అయితే మీది ఓపెన్ డ్రెయిన్ వంశం. లైన్‌ని గ్రౌండ్ వైపు కిందికి లాగడమే మీకు వచ్చు, పైకి ఎత్తడం మీ ఇంటా వంటా లేదు. ఎక్కడైనా ‘హై’ చూపించాలంటే లైన్‌ని పైకి లాగే పుల్-అప్ రెసిస్టరూ, దానికి సప్లైయూ మేమే పెట్టాలి. (ఈ లక్షణాలతో మా ఆఫీసులో ఒకరిద్దరు మేనేజర్లు కూడా ఉన్నారు. వాళ్ళకు డేటాషీట్ ఉండదు, అదొక్కటే తేడా.)

పైగా రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) ఒక కొస మీకూ, రెండో కొస 24 వోల్టులకూ ఉంటుంది కాబట్టి సున్నా రాస్తే మీరు లైన్‌ని కిందికి లాగి కరెంటు పారిస్తారు, రిలే ఆన్; ఒకటి రాస్తే వదిలేస్తారు, ఆఫ్. అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన మా టెక్నీషియన్ పిల్లోడు పొద్దంతా చూసి, “ఏం సార్, ఒకటి కొడితే పండుకుంటాది, సున్నా కొడితే లేస్తాది, దీనికేమన్నా గాలి సోకిందా?” అన్నాడు. ఇలా సున్నాకే పనిచేయడాన్ని యాక్టివ్ లో అంటారని చెప్పాను. “ఏదైనా గానీ, నిమ్మకాయ కడదాం సార్” అన్నాడు.

ఒక్క ఛానెల్‌తో విడిగా మాట్లాడితే మీకు నామోషీ. ఎనిమిదింటికీ కలిపి ఒకే బైటులో, అంటే ఛానెల్‌కొక బిట్ చొప్పున ఎనిమిది బిట్ల ఒకే అంకెలో చెప్పాలి. అన్నీ ఆఫ్ అంటే ఎనిమిదీ ఒకట్లే, 255. బిట్ 3 రిలే పికప్ (ఆన్) కావాలంటే అందులోంచి ఆ బిట్ విలువ 8 తీసేసి 247. బాగుంది. అది అలాగే ఉండగా బిట్ 2 కూడా కావాలని, దాని విలువ 4 తీసేసి 251 పంపితే, బిట్ 2 రిలే టక్‌మని పికప్ అవుతుంది, బిట్ 3 రిలే అంతే టక్‌మని డ్రాప్ (ఆఫ్) అవుతుంది. రెండూ కావాలంటే 243 అట! నిన్నటిదాకా మీకేం చెప్పామో మేమే గుర్తుపెట్టుకుని, మీకే మళ్ళీ అప్పజెప్పాలి. అన్నట్టు మీ లెక్క సున్నాతో మొదలు కదా, బిట్ 3 అంటే నాలుగో వైరు. మూడో వైరు పట్టుకుని వెతికేవాణ్ణి మీరు హాయిగా వెతకనిస్తారు.

ఇక మీ నిజాయితీ. పరికరాలకు కమాండ్లు ఇవ్వడానికి 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ భాషలో కమాండ్ పంపేటప్పుడు ఒక్క అక్షరం జారిందా, ‘మైనస్ 113, అన్‌డిఫైన్డ్ హెడర్’ (అలాంటి కమాండే తెలీదు) అని బీప్ కొట్టి నలుగురిలో పరువు తీస్తారు. అదే టెర్మినల్ స్క్రూ వదులై వైరు ఊడి వేలాడుతున్నప్పుడు తప్పేమైనా ఉందా అని అడిగితే, ‘ప్లస్ 0, నో ఎర్రర్’. వ్యాకరణం బాగుంటే చాలు, పని జరిగిందా లేదా అన్నది మీ శాఖ కాదు.

రీసెట్ అనగానే పోర్టు మొత్తం, అంటే ఎనిమిది లైన్లూ, ఇన్‌పుట్‌గా మారి, దేన్నీ కిందికి లాగకుండా చేతులెత్తేస్తారు చూడండి, దాన్ని మాత్రం నేను తప్పుపట్టను. కరెంటు పోయి వచ్చాక మోటారు దానంతటది తిరగడం కన్నా అదే నయం.

కాయిల్ వదిలేటప్పుడు ఎదురుతన్నే వోల్టేజీకి మీ ట్రాన్సిస్టర్ పోకూడదని ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్‌పీ రోడ్డుకు వెళ్ళి, ఆ దెబ్బను పక్కకు మళ్ళించే డయోడ్లు కూడా తెచ్చాం. సోమవారం కస్టమర్ ఇన్‌స్పెక్షన్. మేం 243 పంపుతాం. దయచేసి రెండు రిలేలు లేపి, మిగతా ఆరింటినీ పడుకోనివ్వగలరు.

ఇట్లు,
మీ టెస్ట్ ఇంజినీరు