డెక్ కోసం మూడు నెలలు

ఇంటి వెనక కూర్చోడానికి అరుగులాంటి చెక్క డెక్ ఒకటి, పన్నెండు బై పదహారు అడుగులు. నేను కట్టాలనుకున్నది అంతే. అమ్మానాన్న కరీంనగర్ నుంచి ఆర్నెల్లు ఉండడానికి వస్తున్నారు, సాయంత్రాలు బయట కూర్చుని టీ తాగుతారు కదా అని.

మేరీల్యాండ్‌లో మాలాంటి చాలా కాలనీలకి మున్సిపాలిటీ ఉండదు. ఇంటి పర్మిట్లన్నీ కౌంటీయే (మన జిల్లా లాంటిది) చూసుకుంటుంది. ముందు హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోవాలి, అది వేరే తతంగం, వదిలేయండి.

అప్లికేషన్ పెట్టిన మూడు వారాలకి మొదటి కామెంట్: ప్లాన్‌లో పక్కింటి హద్దుకి ఎంత దూరమో రాయలేదు. నిజమే, తప్పు నాదే. రాసి పంపాను. ఇంకో మూడు వారాలకి రెండోది: ఇంటి గోడకి తగిలించే లెడ్జర్ బోర్డుకి ఏ బోల్టులు, ఎంతెంత దూరంలో? సరే, అదీ గీశాను. మళ్లీ లైన్లో చివరికి. మూడోది: రెయిలింగ్ కమ్మీల మధ్య సందు చూపలేదు.

అయ్యా, ఆ సందు మొదటి రోజు కూడా లేదు! అదే కాగితం, అదే బొమ్మ. మూడూ ఒకేసారి చెప్పుంటే మీ సొమ్మేం పోయేది?

రూల్స్ మీద నాకు కోపం లేదు. రెయిలింగ్ సందులో నాలుగంగుళాల బంతి దూరకూడదంటే, పసిపిల్లల తల ఇరుక్కోకుండా. పునాది గుంత 30 అంగుళాలు తవ్వాలంటే, చలికాలం నేల గడ్డకట్టి పైకి పొంగి స్తంభాన్ని ఎత్తేయకుండా. లెడ్జర్‌ని మేకులతో సరిపెట్టిన డెక్కులు పార్టీ మధ్యలో ఊడి పడ్డాయి ఈ దేశంలో. నా ఏడుపంతా వాయిదాల పద్ధతిలో తప్పులు పట్టడం మీదే.

నాన్న రోజూ ఒకటే మాట. "ఎవనికన్న ఎంతో కొంత ఇస్తే అయితది కదరా?" ఇక్కడ అలా కుదరదు నాన్నా అంటే నమ్మడు. "మన దగ్గర 2020లనే ఆన్‌లైన్ల ఇంటి పర్మిషన్లకు టీఎస్-బీపాస్ వచ్చింది. జాగా 75 గజాల లోపైతే పర్మిషనే అవసరం లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే అయిపాయె. మీదేం అమెరికారా?" (పర్మిషన్ రెండంతస్తులకి తీసుకుని పైన పెంట్‌హౌస్ లేపిన మా బాబాయి సంగతి మాత్రం ఎత్తడు.)

పర్మిట్ చేతికొచ్చేసరికి అమ్మానాన్న తిరుగు ప్రయాణానికి పది రోజులే ఉంది. గుంతలు తవ్వించాను, ఆ రాత్రే వాన. ఇన్‌స్పెక్టర్ "ఎనిమిది నుంచి నాలుగు లోపు" ఎప్పుడైనా రావచ్చు, గుంతలో నీళ్లుంటే ఫెయిల్. నేను ఆఫీసు కాల్‌లో ఉంటే నాన్న లుంగీ ఎగ్గట్టి స్నానాల మగ్గుతో నీళ్లు తోడాడు, నాలుగు గుంతలూ.

ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు దించాడు. మూడు పాసు, నాలుగోది 28 అంగుళాలు. కోపం లేకుండా, పక్కనే నిలబడి ఎందుకో వివరంగా చెప్పాడు. ఆ ఐదు నిమిషాల మాటలు మొదటి వారంలో ఎవరైనా ఫోన్లో చెప్పుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

డెక్ పూర్తయింది. నాన్న వీడియో కాల్‌లో చూసి, "ఆ నాలుగో గుంత సరిగ్గ తవ్విచ్చినవా?" అన్నాడు.