బుధవారం రాత్రి రొయ్యల టాకో

వంటల వీడియోలో అమ్మాయి నవ్వుతూ చెప్పేస్తుంది: "వారంలో ఏ రాత్రయినా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది!" ఆవిడ ఒడిశాలోని బ్రహ్మపురంలో కాపురం చెయ్యలేదని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. గంజాం జిల్లా తెలుగింట్లో సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయస్వామిది. గురువారం, ఒడియా ఇరుగుపొరుగుల సావాసంతో, లక్ష్మమ్మది. శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది. ఆదివారం ఎలాగూ సెలవు, లెక్కలోకి రాదు. తీసివేతలన్నీ పోగా నీచు వండుకోడానికి మిగిలేది బుధవారం ఒక్కటి. కార్తీకం వచ్చిందా, అదీ ఉండదు.

అలాంటి ఓ బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఒకింటాయన టాకోలకి పూనుకున్నాడు. షుగరు రిపోర్టు వచ్చింది, అన్నం తగ్గించమన్నారు.

"టాకో అంటే ఏటిరా?" అంది వాళ్లమ్మ.

"మెక్సికోవాళ్ల మొక్కజొన్న రొట్టెమ్మా. మధ్యలో కూర పెట్టి మడిచి తింటారు."

"మరి రొట్టేదీ?"

"రొట్టె తీసేస్తాం. అందులో కార్బులుంటాయి."

"రొట్టె తీసేస్తే కూరే కదరా!"

ముసలావిడ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. టాకో గొప్పతనమంతా ఆ రొట్టెలోనే ఉంది. అక్కడివాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు వదిలాక రుబ్బుతారు. మనం తమలపాకుకి రాసుకునే సున్నమే. ఆ సున్నం వల్లే పిండి సాగుతుంది, రొట్టె మడిచినా విరగదు. అరచేతంత రొట్టెలో 11, 12 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కనుక నాలుగు తింటే ఓ కప్పు అన్నం తిన్నట్టే లెక్క. అందుకని రొట్టె బదులు క్యాబేజీ ఆకో, చీజు డొప్పో వాడతారు. దోసె లేకుండా మసాలా దోసె తినడం లాంటిదే, కానీ సరిగ్గా చేస్తే బాగుంటుంది. సరిగ్గా చేస్తే.

మొదటి దెబ్బ బజారులోనే పడింది. నలుగురికని అరకిలో రొయ్యలు తెచ్చాడు. చింగుడి (ఒడియాలో రొయ్య) కొనేటప్పుడు తూకం తలతో సహా వేస్తారు. తలా, పెంకూ, వీపు మీది నల్లనరమూ తీసేసరికి చేతిలో మిగిలేది పావుకిలో. నలుగురికి తలతో కిలో కావాలి. లేదంటే అరకిలో రొయ్యలకి తోడు ముల్లు తీసిన కోనెం చేప ముక్కలు పావుకిలో వేసుకున్నా సరిపోతుంది.

అసలు దెబ్బ మాత్రం వరసలో పడింది. మనకి కూర ముందు. కూర పొయ్యి దిగితే వంట అయిపోయినట్టే, తక్కినవి నెమ్మదిగా చూసుకోవచ్చు. టాకోకి ఇది తలకిందులు. డొప్పలు ముందు, పెరుగు పచ్చడి తర్వాత, అందరూ కంచాల ముందు కూర్చున్నాక రొయ్యలు. రొయ్యకి కావలసిందల్లా రెండున్నర నిమిషాలు. ఈయన ఎనిమిదీ నలభైకే రొయ్యలు పొయ్యెక్కించాడు. కంచాలు పెట్టేసరికి తొమ్మిదిన్నర.

ఎక్కించడమైనా ఎలా ఎక్కించాడో చూడండి. కడిగిన రొయ్యల్ని తడితోనే గిన్నెలో పోసి, ఉప్పూ, కారం, అల్లంవెల్లుల్లి ముద్దా పట్టించి, ఒక నిమ్మకాయ పూర్తిగా పిండి, అరగంట "ఊరనిచ్చాడు". మాంసానికి అలవాటైన చెయ్యి. రొయ్య మీద నిమ్మరసం అంతసేపు ఉంటే పొయ్యి ముట్టకుండానే పైన తెల్లబడి బిగుసుకుపోతుంది. ఉప్పేమో లోపలి నీళ్లు బయటికి లాగుతుంది. ఆ నీళ్లతో, ఆ ముద్దతో, పావుకిలో మొత్తం ఒకేసారి పెనంలో కుమ్మరించాడు. చుయ్యిమనాల్సింది బుడబుడమంది. నీళ్లు ఇగిరేదాకా పెనం వేడి నూరు డిగ్రీలు దాటదు, అది దాటితే గాని ఎర్రగా వేగదు. ఇగరనిద్దామని ఆయన మంట పెంచి నిలబడ్డాడు. ఆరో నిమిషానికి నీళ్లు ఇగిరాయి. ఏడో నిమిషానికి కారం మాడింది.

ఇంట్లో ముందు కొడుకు దగ్గాడు, తర్వాత అమ్మ. వెనకవాటా నుంచి ఒడియావాళ్ల పెద్దాయన కిటికీలో తల పెట్టి "కణ హెలా?" అన్నాడు. ఏమయిందో చెప్పడానికి ఈయనకి ఏ భాషలోనూ గొంతు పెగల్లేదు.

రొయ్యని చూస్తే ఉడికిందో లేదో తెలిసిపోతుంది. కొడవలిలా వంగితే దించెయ్యాలి. తోక తలవైపు తిరిగి సున్నా చుట్టిందంటే అది రబ్బరు. ఈయన పెనంలో అన్నీ సున్నాలే.

పద్ధతేమిటంటే, వలిచిన రొయ్యల్ని పాత నూలుగుడ్డలో వేసి గట్టిగా అద్దాలి, గుడ్డ తడిసేలా. పావుకిలోకి ఒక చెంచా కారం, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, పావు చెంచా మిరియాల పొడి, పెద్ద చెంచాడు నూనె పట్టించాలి. వెల్లుల్లి ముద్దగా వద్దు, రెండు రెబ్బలు సన్నగా తరిగి ఆఖర్న వేస్తే చాలు. అర చెంచా ఉప్పు పెనం వేడెక్కాక. పది పది చొప్పున, ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఒక వైపు నిమిషంన్నర, రెండో వైపు నిమిషం. నిమ్మకాయ దించాక. కరకరలాడాలని కార్న్‌ఫ్లోర్ దొర్లించేవాళ్లున్నారు. పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్‌లో 7 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అలాంటప్పుడు రొట్టెనెందుకు వెళ్లగొట్టినట్టు?

రొయ్యలు చల్లారుతుండగా డొప్పల పని మొదలైంది. ఫ్రిజ్జులో చీజు క్యూబులున్నాయి. తురిమి పెనం మీద వేశాడు. కరిగింది, ఇంకా కరిగింది, నిగనిగలాడుతూ అక్కడే కూర్చుంది. ఆ క్యూబుల్లో కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు. శాండ్‌విచ్‌లోకి అది సుగుణమే. డొప్పకి మాత్రం నీరు పోవాలి, కొవ్వు బయటపడాలి, ఆ కొవ్వులోనే అది వేగాలి. అట్లకాడకి అంటుకున్నదాన్ని గోకడానికి పావుగంట పట్టింది.

కొడుకుని దుకాణానికి తోలి మొజరెల్లా తెప్పించారు. డొప్పకి 40 గ్రాముల తురుము, నాన్‌స్టిక్ పెనం, మధ్యస్తం మంట, మూడు నాలుగు నిమిషాలు. అంచు గోధుమరంగు తిరిగి జాలీ అల్లినట్టు అవ్వాలి. ఇక్కడిదాకా బాగానే వచ్చింది. పొయ్యి కట్టేశాక అర నిమిషం ఆగి తియ్యాలి. ఆయన ఆగలేదు, మొదటిది చిరిగింది. రెండోదానికి బుద్ధొచ్చి రెండు నిమిషాలు ఆగాడు. అది పెనంలోనే బిగిసి, మడవబోతే పెళుక్కున విరిగింది. మూడోది కుదిరింది. రెండు గ్లాసుల మీద అడ్డంగా అప్పడాల కర్ర పెట్టి, దాని మీద బట్ట ఆరేసినట్టు వేశాడు. అలా వేలాడుతూ చల్లారితే వంపు నిలుస్తుంది.

అమ్మ వచ్చి కర్రనీ, దాని మీదున్నదాన్నీ చూసింది. "అప్పడాలకి పేరుపడ్డ బ్రహ్మపురంలో ఉండి అప్పడానికి ఇంత తంటా ఏటిరా?"

ఆవిడకి పళ్లు తక్కువ, చీజు కొరకలేదు. ఆవిడకని కోడలు క్యాబేజీ తీసింది. ఇల్లంతటికీ అసలు ఇదొక్కటే చాలును. కాడని శంకువులా తవ్వి తీసి, ఆ గుంటలోకి కుళాయి ధార పట్టిస్తే ఆకులు చిరక్కుండా విడివడతాయి. మరిగే ఉప్పునీళ్లలో అర నిమిషం ముంచి, చన్నీళ్లలో వేసి, తుడిచి, లావు ఈనెని కత్తితో చెక్కేస్తే చక్కగా మడత పడుతుంది. ఆకుకి ఒకటో రెండో గ్రాముల పిండిపదార్థం, అంతే.

పైన వేసే పచ్చడికి టైము లేకపోయింది. మూడు చెంచాల గడ్డపెరుగు, గింజ తీసిన టమాటా, తరిగిన ఉల్లి, వేడినీళ్లలో నానేసి మెదిపిన అంబుల ముక్క ఒకటి. ఉప్పులో ఊరి ఎండిన మామిడే కనుక వేరే ఉప్పు వద్దు. చేస్తే అయిదు నిమిషాలు. ఈలోగా దగ్గు విని జాలిపడ్డ వెనకవాటావాళ్లు గిన్నెడు టమాటా ఖట్టా, అంటే వాళ్ల పుల్లపచ్చడి, పంపారు. ఎర్రగా, నిగనిగలాడుతూ, పంచఫుటణ (అయిదు రకాల గింజల) పోపుతో ఉంది. ఈయన టాకోకి మూడు చెంచాల చొప్పున వేసుకున్నాడు. ఖట్టాకి ఆ నిగనిగ బెల్లంతో వస్తుందని భార్యకి తెలుసు. రెండు టాకోలు అయ్యాక చెప్పింది.

పావుకిలో నలుగురికి చాలదనుకున్నారు గానీ సగం మిగిలింది. అందరూ నమిలి నమిలి కంచం అంచున పెట్టేశారు. మిగిలినవి డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో తోస్తుంటే అమ్మ కేకేసింది.

"రేపు గురువారం! పాలగిన్నె పక్కన నీచా?"

"పన్నెండు దాటకుండా తినేస్తానమ్మా."

"పన్నెండేటిరా, తెల్లారితేనే గురువారం."

ఇలాంటి రొయ్యల్ని మళ్లీ వేడి చేస్తే ఇంకా బిగుస్తాయి. సన్నగా తరిగి చల్లగానే గడ్డపెరుగులో కలిపితే కాస్త నోటికి లొంగుతాయి. ఆయన పెరుగు తీసి పక్కన పెట్టుకుని, సూర్యోదయం ఎన్నింటికో క్యాలెండరులో చూసి, అలారం నాలుగున్నరకి పెట్టుకున్నాడు.