ఫైలు పేరుకి రెండో తోక

మూడు రాత్రులు కూర్చున్నాను. పర్లాకిమిడిలో మా వీధికి కరెంటు ఉన్న వేళ చూసుకుని, డంజన్ క్రాల్ స్టోన్ సూప్ అనే కంప్యూటర్ ఆటకి సెట్టింగుల ఫైలు కొత్తగా రాసుకున్నాను. 2006 నుంచి నడుస్తున్న ఈ ఆటంటే నాకు ప్రాణం. 'ఓ' నొక్కితే మన మనిషి తనే గుహంతా తిరిగొస్తాడు. ట్యాబ్ నొక్కితే దగ్గరున్న శత్రువు మీద పడతాడు. ఆ ట్యాబ్‌తోనే ప్రమాదం. అందుకే బలం 70 శాతం కన్నా తగ్గితే అది ఆగిపోవాలని 'ఆటోఫైట్ స్టాప్' ఎదురుగా 70 వేశాను.

నిన్న రాత్రి నాలుగో అంతస్తు. ఆటలో నా మనిషి మంత్రగాడు, బలం 60 శాతం. ట్యాబ్ ఆగలేదు. ఓగర్ అనే రాక్షసి దుడ్డుకర్రతో ఒక్కటిచ్చింది, అంతే. ఈ ఆటలో చచ్చాక పాత సేవ్ ఉండదు, మళ్లీ మొదటి అంతస్తే.

తప్పెక్కడా అని పొద్దున్నంతా ప్రతి అక్షరం చూశాను. రాసిందంతా సరిగ్గానే ఉంది. కంప్యూటర్‌లో పేరు 'ఇనిట్.టిఎక్స్‌టి' అనే కనబడుతోంది. అసలు పేరేమో 'ఇనిట్.టిఎక్స్‌టి.టిఎక్స్‌టి'! రెండో తోకని కంప్యూటరే తగిలించి, కంప్యూటరే దాచేసింది. ఆట వెతికేది 'ఇనిట్.టిఎక్స్‌టి' అనే పేరునే, అందుకే నా ఫైలు ముఖమే చూడలేదు.

ఎవరు దాచమన్నారండీ? నా ఫైలు పూర్తి పేరు నాకే చూపించకపోతే ఎలా? సాయం పేజీలన్నీ ఇంగ్లీషే, ఇక్కడ తెలుగులోనో ఒడియాలోనో అడుగుదామంటే ఈ ఆట తెలిసినవాళ్లే లేరు. చివరికి ఫోల్డర్ తెరిచి పైన వ్యూ మెనూలో ఒక్క టిక్కు పెడితే ఆ తోక బయటపడింది. ఒక్క టిక్కు! దానికి మూడు రాత్రులు పోయాయి.