మిస్ కేస్‌వెల్ ఎందుకు మాట్లాడదు

లండన్‌లో 'ది మౌస్‌ట్రాప్' అనే మర్డర్ మిస్టరీ నాటకం ఇంటర్వెల్‌లో ఐస్‌క్రీమ్ కప్పులు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాం, మన తెలుగు అసోసియేషన్ కుటుంబాల వాళ్లం పద్నాలుగు మందిమి. "హంతకురాలు ఆ మిస్ కేస్‌వెల్లే, కావాలంటే రాసిస్తాను" అన్నారు ఒకరు. ఎందుకండీ అంటే, "తన గురించి ఒక్క ముక్క చెప్పట్లేదు చూడండి. చిన్నప్పటి సంగతి వస్తే చాలు, మొహం మారిపోతోంది" అన్నారు. మిగతావాళ్లు తలూపారు. పిల్లలు అక్కడికక్కడే ఓటింగ్ పెట్టేశారు. మిస్ కేస్‌వెల్‌కి తొమ్మిది ఓట్లు పడ్డాయి.

ఒంగోలు నుంచి మనవడిని చూడటానికి వచ్చిన మా వదిన కూడా మాతో వచ్చింది. ఇంగ్లీషు ఆమెకు సగమే అందుతుంది. ఎవరికీ ఓటు వెయ్యలేదు. నా పక్కకి జరిగి మెల్లగా, "ఆ పిల్లని చిన్నప్పుడు ఎవరూ ఏడవనిచ్చినట్టు లేదు" అంది.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఈ వ్యాసం అందుకే.

మేం చూసిన 'ది మౌస్‌ట్రాప్' ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ రాసిన నాటకం. లండన్‌లో ఉండి దీని పేరు వినని వాళ్లు తక్కువ. 1952 నవంబర్ 25న అంబాసడర్స్ థియేటర్‌లో మొదలైంది, 1974లో పక్కనే ఉన్న సెయింట్ మార్టిన్స్‌కి మారింది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగి, 2021 మేలో మళ్లీ తెర లేపారు. ఆ రోజు ఎన్నో ప్రదర్శనో చెప్పే చెక్క బోర్డు ఒకటి థియేటర్ లోపల ఉంటుంది, దాని ముందు ఫోటో దిగనివాళ్లు ఉండరు. ఆట అయిపోయాక నటుల్లో ఒకరు ముందుకు వచ్చి, హంతకుడెవరో బయట చెప్పకండి, గుండెల్లో దాచుకోండి అని అడుగుతారు. ఆ మాట నేను నిలబెట్టుకుంటాను. మిస్ కేస్‌వెల్ ఎవరో, ఎందుకొచ్చిందో కూడా చెప్పను.

చెప్పగలిగినంత చెబుతాను. ఒక యువజంట కొత్తగా గెస్ట్‌హౌస్ తెరుస్తారు. మొదటి రోజే మంచు కురిసి దారులు మూసుకుపోతాయి. అతిథులు ఒక్కొక్కరే వస్తారు. వాళ్లలో మిస్ కేస్‌వెల్ ఒకామె. మగవాళ్ల తరహా బట్టలు, బరువైన గొంతు, ముక్తసరి జవాబులు. చాలా ఏళ్లు విదేశాల్లో ఉండి వచ్చింది. బాల్యం అంత తేలిగ్గా గడవలేదని మాటల మధ్యలో తెలుస్తుంది, అంతకు మించి ఎవరినీ లోపలికి రానివ్వదు. మేం చూసిన రోజు ఆ పాత్ర వేసిన నటి మాట్లాడేటప్పుడల్లా చలిమంట వైపు తిరిగి చేతులు కాచుకుంటూనే ఉంది. చలికి కాదని నాకు చాలాసేపటికి గానీ తట్టలేదు. ఎదుటి మనిషి మొహం చూడకుండా ఉండటానికి ఆమెకు ఒక పని కావాలి, అంతే.

కథ అంతా ఒక పాత ఘోరం చుట్టూ తిరుగుతుంది. కొన్నేళ్ల కిందట ముగ్గురు పిల్లల్ని ఒక రైతు కుటుంబానికి పెంపకానికి అప్పగించారు. వాళ్లు పెట్టిన హింసకు చిన్నవాడు చనిపోయాడు. ఇప్పుడు జరిగిన హత్య గురించి విచారించడానికి వచ్చిన పోలీసు అడిగే ప్రశ్న ఒకటే: బతికిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? ఆ క్షణం నుంచి మనం గదిలో ఉన్న ప్రతి మనిషినీ, 'చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లెవరు?' అన్న చూపుతోనే చూస్తాం. టెన్షన్ పుట్టేది అక్కడే. నాకు బాధ కలిగిందీ అక్కడే. నొప్పి పడిన పిల్లల్ని మనం ఎంత సులువుగా అనుమానితుల్ని చేసేశామో!

ఇది ఉత్త కల్పన అయితే ఇంత రాసేదాన్ని కాదు. దీని వెనక ఒక నిజమైన పిల్లవాడు ఉన్నాడు. డెనిస్ ఓనీల్. వేల్స్‌లోని న్యూపోర్ట్ నుంచి వచ్చిన పిల్లవాడు. 1944లో అతన్నీ, తమ్ముడు టెరెన్స్‌నీ ష్రాప్‌షైర్‌లోని మిన్‌స్టర్లీ దగ్గర బ్యాంక్ ఫార్మ్ అనే పొలంలో, రెజినాల్డ్ గాఫ్ దంపతుల దగ్గర ఉంచారు. తిండి లేదు, దెబ్బలు మాత్రం ఉన్నాయి. డిసెంబర్‌లో న్యూపోర్ట్ కౌన్సిల్ నుంచి ఒక ఉద్యోగిని వచ్చి చూసింది, పిల్లల్ని అక్కణ్నించి తీసేయాలని చెప్పింది. ఎవరూ వెంటనే కదల్లేదు. 1945 జనవరి 9న డెనిస్ చనిపోయాడు. వయసు 12. ఆకలితో చిక్కిపోయిన ఒంటి మీద, ఛాతీ మీద, వీపు మీద కొట్టిన దెబ్బలకు గుండె ఆగిపోయింది. రెజినాల్డ్‌కి ఆరేళ్లు, భార్యకి ఆరు నెలలు శిక్ష పడింది. దేశం మొత్తం కదిలిపోయింది. విచారణ జరిగింది, ఇళ్లకు దూరంగా పెరిగే పిల్లల పరిస్థితి చూసిన కర్టిస్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది, 1948లో పిల్లల చట్టం వచ్చింది. కన్నవాళ్ల దగ్గర లేని పిల్లల బాధ్యత చూడటానికి స్థానిక కౌన్సిళ్లలో ప్రత్యేకంగా ఒక అధికారి ఉండాలన్నది ఆ చట్టంతోనే. ఇప్పుడు మన తెలుగు బడికి వాలంటీర్‌గా వచ్చేవాళ్లు నింపే ఫారాలూ, చెకింగులూ చూసి విసుక్కునేవాళ్లు ఉన్నారు. పిల్లల దగ్గరికి ఎవరు వెళ్తున్నారో చూడటం ఈ దేశం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది.

క్రిస్టీ ఈ కథను మొదట రేడియో నాటికగా రాసింది. అప్పటి రాజు తల్లి క్వీన్ మేరీ 80వ పుట్టినరోజుకి, 1947లో బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. డెనిస్ పోయి అప్పటికి రెండేళ్లు దాటింది, అంతే. వింటున్నవాళ్లకి ఆ వార్త ఇంకా పచ్చిగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు చూస్తున్న మనకి ఆ పేరు తెలియదు. హంతకుడి పేరును ఏడు దశాబ్దాలుగా పువ్వుల్లో పెట్టి దాస్తున్నాం, చనిపోయిన పిల్లవాడి పేరు మాత్రం ఎవరూ దాచమనకుండానే మరుగున పడిపోయింది.

ఇంకో సంగతి ఉంది, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. నాటకంలో బతికిన పిల్లలు అనుమానితులు. నిజంలో బతికిన టెరెన్స్ సాక్షి. పదేళ్ల పిల్లవాడు కోర్టులో నిలబడి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పాడు. పెద్దవాడై, ముసలివాడై, 2010లో ఆ కథంతా పుస్తకంగా రాశాడు. ఇన్నేళ్లు మోసింది పగ కాదు, తన అన్న జ్ఞాపకం. నొప్పి పడిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువమంది ఏం చేస్తారో మనకి తెలియంది కాదు. ఉద్యోగాలు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుకుంటారు, పెళ్లిళ్లలో వడ్డిస్తారు. మన మధ్యే ఉంటారు.

మా వదిన ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. పెళ్లయ్యేదాకా బాబాయి ఇంట్లో పెరిగింది. కొట్టారో లేదో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలిసింది ఒక్కటే. భోజనం అయిన మరుక్షణం లేచి తన కంచం తనే కడిగి, తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది. ఇక్కడ డిష్‌వాషర్ ఉంది వదినా, అలా వదిలెయ్ అన్నా వినదు. తను అక్కడ తిన్నట్టే గుర్తు మిగలకూడదు అన్నట్టుంటుంది ఆ తొందర. ముప్పై ఏళ్లుగా సొంత ఇంట్లో కూడా అంతే. ఎవరైనా చిన్నప్పటి కబుర్లు మొదలుపెడితే టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్తుంది. మా ఇంట్లో అందరం, "జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడెందుకు తవ్వడం" అని సర్దుకున్నాం. ఆమె మేలు కోరే అలా అనుకున్నాం. కానీ ఆ రోజు థియేటర్ మెట్ల మీద, మా అందరికీ దొంగలా కనిపించిన మనిషిని ఆమె ఒక్కతే పోల్చుకుంది.

ఈ ఏడాది మన దీపావళి వేడుకకి మర్డర్ మిస్టరీ నాటిక వేద్దామని కల్చరల్ కమిటీ అనుకుంటోంది. సంతోషం. మా ఊళ్లో పరిషత్తు నాటకాలు చూస్తూ పెరిగినదాన్ని, స్టేజి మీద తెలుగు వినబడుతుందంటే నాకంటే ఆనందపడేవాళ్లు ఉండరు. స్క్రిప్టు చదివాను. అందులోనూ ఒక మాట్లాడని అమ్మాయి ఉంది. చివర్లో ఇన్‌స్పెక్టర్, "సవతి తల్లి పెట్టిన బాధలు నిన్ను రాక్షసిని చేశాయి" అంటాడు. రెండే లైన్లలో ఆమె బాల్యం తేలిపోతుంది. వెంటనే చేతికి బేడీలు, తెర.

ఆ రెండు లైన్లు తీసేయమని నా మనవి. ఆమె హంతకురాలు అయితే కానివ్వండి, అది కథ. కానీ చిన్నప్పటి దెబ్బల్ని హత్యకి రుజువుగా చూపించకండి. ఆ పాత్ర వేసే అమ్మాయికి ఓరచూపులు, వెనక ఉరుములాంటి మ్యూజిక్ వద్దు. ఆమెకు చేతినిండా ఒక పని ఇవ్వండి. బట్టలు మడతపెట్టనివ్వండి, కంచం కడగనివ్వండి. ఎవరైనా "మీది ఏ ఊరమ్మా, అమ్మానాన్న ఏం చేస్తారు" అని మామూలుగా అడిగినప్పుడు ఆ చేతులు ఒక్క క్షణం ఆగితే చాలు. ఆ హాల్లో మూడు వందల మంది కూర్చుంటారు. వాళ్లలో బంధువుల ఇళ్లలో పెరిగినవాళ్లు ఉంటారు, ఎనిమిదేళ్లకే హాస్టల్లో వేస్తే రాత్రుళ్లు దుప్పట్లో ఏడ్చినవాళ్లు ఉంటారు. ఇప్పుడు అలాంటిదే పడుతూ ఎవరికీ చెప్పుకోలేని పిల్లలూ ఉండొచ్చు. 'చెబితే నన్నే అనుమానిస్తారు' అని మన నాటిక చూసి వాళ్లు అనుకోకూడదు.

నాటిక బ్రోషర్‌లో నటీనటుల పేర్ల కింద ఒక లైన్ వెయ్యమని కూడా కమిటీని అడిగాను: "డెనిస్ ఓనీల్ జ్ఞాపకార్థం, 12 ఏళ్లు, మిన్‌స్టర్లీ, 1945." స్థలం చాలదంటే, మా ఇంటి నుంచి ప్రతి ఏడూ వచ్చే శుభాకాంక్షల ప్రకటన తీసేసి అక్కడ వెయ్యండి. డబ్బు ఎప్పటిలాగే పంపిస్తాను.